పలుపు లేని రెండో ఎద్దు

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో చేతిలో కాస్త డబ్బు ఆడితే చాలు, కంప్యూటర్ సెంటర్ పెట్టేసేవాళ్లు. ఎరువుల దుకాణం పైన ఒకటి, చెప్పుల షాపు వెనకాల ఒకటి, పెళ్లిళ్లకు గిన్నెలు కిరాయికిచ్చే చోట గిన్నెల మధ్యలోనే ఒకటి. ఇలాంటి సంగతులు రాసేటప్పుడు 'ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది' అని మొదలుపెట్టడం మర్యాద. నాకు మాత్రం ముందు కోపమే వస్తుంది, నవ్వు ఆ వెనకాల తీరిగ్గా, తన వీలు చూసుకుని వస్తుంది. కనుక చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. (మా ఇంటాయన అప్పుడే అన్నాడు, "గా ఎద్దుల ముచ్చట మళ్ల తీయకు, నీకు బీపీ లేస్తది" అని. తీస్తున్నాను.)

నా కోపానికి ఒక ఊరుంది. మాది త్రిపురారం దగ్గర, కాలువ నీళ్ల మీద వరి పండే చోటు. మా మడులు కాలువకు చిట్టచివర. పైనున్నవాళ్లు తమ వంతు అయిపోయినా తూము మూయరు, మాకు నీళ్లు రావు. అప్పుడు మా అమ్మ కొంగు నడుముకు చుట్టి గట్టు మీద నిలబడి, "తూము ఒక్కటే. ఎవ్వల వంతుకు వాళ్లే" అని ఒక్క అరుపు అరిచేది. ఆ అరుపుకు కొంగలు లేచిపోయేవి, పైవాళ్లు గొణుక్కుంటూ తూము మూసేవాళ్లు. నాకు ఓనమాల కంటే ముందు ఆ అరుపు వచ్చింది. మిర్యాలగూడలో డిగ్రీ, హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు అయ్యాక సూర్యాపేటలో మా మేనమామ పెట్టిన సెంటర్లో పాఠాలు చెప్పడానికి చేరినప్పుడు, నా దగ్గర సర్టిఫికెట్టుతో పాటు ఆ అరుపు కూడా ఉంది. సర్టిఫికెట్టు కంటే అదే ఎక్కువ పనికొచ్చింది.

మా మామ కంప్యూటర్ల మనిషి కాదు, ఎద్దుల బేరగాడు. ఏ సంతకు పోయినా ఆయన చుట్టూ జనం మూగేవాళ్లు. పళ్లు చూసి వయసు చెప్పేవాడు, నుదుటి మీద సుడి చూసి గుణం చెప్పేవాడు, నడక చూసి ఏ ఎద్దుకు ఏది జోడో చెప్పేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల బేరం పడిపోయాక కొన్నాళ్లు అరుగు మీద కూర్చుని ఆలోచించి, "ఇగ జనం కొనేది కంప్యూటరే కోడలా" అని తేల్చి, పెన్‌పహాడ్ నుంచి వచ్చి సూర్యాపేటలో సెంటర్ తెరిచాడు. (మేనకోడల్ని కాబట్టి నన్ను కోడలా అనేవాడు, మరీ ప్రేమ పుడితే బిడ్డా అనేవాడు. నాకు బిడ్డా అన్నప్పుడల్లా భయం వేసేది, ఎందుకంటే దాని వెనకాల ఏదో తెలివితక్కువ పని ఉండేది.)

సెంటర్లో పొద్దటి బ్యాచ్ అంతా ఆడపిల్లలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మొదటి బస్సుకు వచ్చేవాళ్లు, నన్ను మేడం అనీ మామను పెద్దసారు అనీ పిలిచేవాళ్లు. వాళ్లలో ఒక పిల్లది పెన్‌పహాడే. పేరెందుకు గానీ, మేమంతా పెన్‌పహాడ్ పిల్ల అనే పిలిచేవాళ్లం. బక్కగా ఉండేది, కీబోర్డు మీద చేతులు పెడితే మాత్రం వాన కురిసినట్టు ఉండేది. వాళ్లన్న ఆమెను సెంటర్లో దించడానికి వచ్చిన రోజునే నాతో ఖరాఖండిగా చెప్పాడు: "మేడం, పరీక్ష పాసైతే సదువుతది. తప్పితే బస్ పాస్ బంద్, పత్తి ఏరనీకి పోతది." మిగతా పిల్లల ఇళ్లలోనూ కాస్త అటూ ఇటూగా ఇదే మాట. ఏడాది చివర హైదరాబాదు నుంచి పరీక్షల సారు వచ్చి, మా గదిలో, మా కంప్యూటర్ల మీదే ప్రోగ్రాము రాయించి చూస్తాడు. కంప్యూటర్ మొరాయిస్తే పిల్ల తప్పినట్టే. మా పాత కంప్యూటర్లేమో ఆన్ చేస్తే దగ్గేవి, కొన్ని దగ్గడం కూడా మానేశాయి. పరీక్షలోపు కొత్తవి కొనక తప్పలేదు. ఇదిగో, నా రక్తపోటు ఇక్కడ మొదలు.

అప్పట్లో పదిమంది కలిసి వాడుకోవాలంటే రెండు దారులు. మామూలు కంప్యూటర్లు విడివిడిగా కొనడం ఒక దారి. ఒక్కోదాంట్లో ఒక్కో ప్రాసెసర్, ఎవరిది వారిదే, ఒకటి చెడినా మిగతావి నడుస్తాయి. గదికంతా ఒకే పెద్ద మెషీన్ కొని, దానికి వైర్లతో స్క్రీన్లు, కీబోర్డులు తగిలించడం ఇంకో దారి. స్క్రీన్లకు సొంత బుర్ర ఉండదు, అందరూ ఆ పెద్దదాని బుర్రనే పంచుకోవాలి. ఆ పెద్ద మెషీన్లలో ఒకటి కాదు, రెండేసి ప్రాసెసర్లు పెట్టినవి అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. నేను విడివిడివే కొందామన్నాను. బతిమాలాను, బల్ల గుద్దాను, బొమ్మ గీసి చూపించాను.

మామ బొమ్మ వైపు చూసి, "ప్రాసెసర్ అంటే ఏంది కోడలా?" అన్నాడు.

"పని చేసేది అదే మామా. మిగతాదంతా డబ్బా."

"అంటే ఎద్దు."

"ఎద్దు కాదు మామా."

"గుంజేది ఏది మరి?"

"ప్రాసెసరే."

"ఎద్దే గదా. నువ్వు జెప్పేటియి అన్నీ ఒంటెద్దు బండ్లు. జోడెద్దుల బండి దొరుకుతుంటే ఒంటెద్దు బండ్లు ఎవడు కొంటడు బిడ్డా?"

బిడ్డా అన్నాడంటే అయిపోయినట్టే. మర్నాడు మమ్మల్ని కోదాడ బస్సు ఎక్కించాడు. మమ్మల్ని అంటే నన్నూ, నా కోపాన్నీ.

కోదాడలో కంప్యూటర్లు అమ్మే ఆయన తెల్ల చొక్కా మనిషి. సరిహద్దు దగ్గర ఊరు కదా, మాటంతా కృష్ణా వైపు మాట, ప్రతి ముక్క చివరా అండి. నేను మనసులో ఆయనకు అండీ సారు అని పేరు పెట్టుకున్నాను. మామ లోపలికి వెళ్తూనే, "దీంట్ల ఎద్దులెన్ని సారు?" అన్నాడు. మామూలు మనిషైతే అక్కడ తెల్లబోవాలి. అండీ సారు ఒక్క క్షణం ఆగి, మామ నెత్తిన రుమాలు, చేతి కర్ర చూసి, "రెండండి. జోడెద్దులండి. ఒకటి అలిసినా రెండోది లాగుద్దండి" అన్నాడు. ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది, మేము మునిగామని. "పరీక్షకు మాకు విడివిడివి కావాలండి" అని నేను నోరు తెరిస్తే, "మేడం గారు చిన్నవాళ్లండి, ఎక్కువ చదివారండి" అని నవ్వాడు. ఆ రెండు నేరాలు ఒకేసారి ఎవరి మీదైనా ఎట్లా మోపుతారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

మామ డబ్బా విప్పించి, కరెంటు పెట్టించి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు. ప్రాసెసర్లు వేడెక్కకుండా ఒక్కోదాని నెత్తిన ఒక్కో చిన్న ఫ్యాను తిరుగుతోంది. మామ ముఖం వెలిగిపోయింది. "సూడు కోడలా, రెండింటికి సుడి నెత్తి మీదనే ఉన్నది. తిరుగుడు గూడ ఒక్కతీరు. గిట్లాంటి జోడు కుదురుడు కష్టం" అన్నాడు. ఫ్యానుకూ సుడికీ సంబంధం లేదని చెప్పబోయాను. అంతలో ఆయన బేరానికి దిగాడు. ఎద్దుల సంతలో రేటు నోటితో చెప్పరు, తుండుగుడ్డ కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. మామ తన రుమాలు తీసి చేతి మీద కప్పి అండీ సారు వైపు చాపాడు. ఆయనకు ఆ వేళ్ల భాష ఏం తెలుసు, ఇదేదో మర్యాద అనుకుని రుమాలు కింద చెయ్యి పెట్టి గట్టిగా కరచాలనం చేశాడు. అయిదు వేళ్లూ ఒక్కసారే బిగిసేసరికి మామ దాన్ని ఏ లెక్కన అర్థం చేసుకున్నాడో గానీ, "ఖతం, బేరం కుదిరింది" అని లేచి నిలబడ్డాడు. వాళ్లిద్దరి మధ్య ఏ రేటు కుదిరిందో బిల్లు వచ్చేదాకా వాళ్లిద్దరికీ తెలియదు. నేను గోడకు తిరిగి పళ్లు నూరుకున్నాను.

మెషీన్ వచ్చింది. అత్త ఎదురొచ్చి బొట్టు పెట్టింది, మామ నల్లతాడు కట్టాడు, పొద్దటి బ్యాచ్ పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఆన్ చేశాను. లేచేటప్పుడు ఆ మెషీన్ తన ఒంట్లో ఏమేమున్నాయో తెర మీద ఒక్కొక్కటే రాసుకుంటూ వస్తుంది. ప్రాసెసర్ల దగ్గరికి వచ్చి 'ఒకటి' అని రాసింది. కళ్లు నులుముకుని మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ ఒకటే. కింది ఎస్టీడీ బూతులోంచి కోదాడకు ఫోన్ కొట్టాను.

"రెండున్నాయండి, మీరు చూశారు కదండి" అన్నాడు అండీ సారు తాపీగా. "రెండోదాన్ని పనిలోకి దించాలంటే దాని సాఫ్ట్‌వేర్ విడిగా కొనుక్కోవాలండి. అది మెషీన్‌తో రాదండి."

"మరి అమ్మేటప్పుడు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండి."

నేను బూతులోంచి బయటికి వచ్చేసరికి నా ముఖం చూసి, క్యూలో నిలబడ్డ పెద్దాయన పక్కకు జరిగాడు. మెట్లెక్కి మామకు సంగతంతా చెప్పాను. రెండో ప్రాసెసర్ ఉన్నా లేనట్టే, మనం ఒక్కదానితో అందరినీ లాగించాలి, ఆ మనిషి మనల్ని నిలువునా మోసం చేశాడు, ఇప్పుడే పోయి నిలదీద్దాం పద, అన్నాను. మామ కోపంతో లేస్తాడని ఎదురు చూశాను. ఆయన రుమాలు దులిపి భుజాన వేసుకుని, ఎంతో శాంతంగా, "ఆయన తప్పేమున్నది బిడ్డా? ఎద్దునమ్మినోడు పలుపు ఇస్తడా?" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మా వైపు ఎద్దును అమ్మితే దాని మెడ పలుపుతాడు అమ్మినవాడే విప్పి దాచుకుంటాడు. పలుపు కూడా ఇచ్చేస్తే కొట్టంలోని కళంతా దాని వెంట పోతుందని నమ్మకం. కొనేవాడు కొత్త పలుపు చేతపట్టుకుని సంతకు పోవాలి. మామ బతుకంతా ఆ పద్ధతిలో నడిచింది. "మనం పలుపు లేకుంట పోయినం. తప్పు మనదే" అన్నాడు. అంతటితో ఆగితే నేను భరించేదాన్ని. "అసలు గాయన పద్ధతి తెల్సిన మనిషి. అండి అండి అంటడు గని, పక్కా సంత మనిషి" అని అండీ సారును మెచ్చుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సాఫ్ట్‌వేర్ వేరు, పలుపు వేరు అని అరిచాను. పలుపే అయితే ఆ పలుపు ఇప్పుడే కొను అని అరిచాను. "కొందాం, కొందాం. ముందు పరీక్షలు అయిపోనీ" అన్నాడు. ఆ పలుపు లేకపోతే పరీక్షలు ఎట్లా అవుతాయో ఆయన ఆలోచించలేదు. ఆలోచించడం నా పని, మెషీన్ మెడ నిమరడం ఆయన పని. రోజూ పొద్దున్నే వచ్చి, పని చేయని రెండోదాని వైపే చెయ్యి వేసి నిమిరేవాడు. దాని ఫ్యాను మాత్రం ఆపకుండా తిరిగేది. మేతకు ముందు, పనికి వెనక.

ఆ తరువాతి రోజుల సంగతి రాస్తుంటే ఇప్పటికీ వేళ్లు బిగుసుకుంటున్నాయి. పిల్లలందరూ ఊరికే అక్షరాలు కొట్టినంతసేపు మెషీన్ నడిచేది. రాసిన ప్రోగ్రామును నడిపించే దగ్గరికి వచ్చి, అందరూ ఒకేసారి నొక్కితే ఎక్కడివక్కడ నిలిచిపోయేవి. పిల్లలు భయపడి మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లు, అది ఇంకా బిగుసుకునేది. "మేడం, నాది వస్తలేదు" అని ఒకరు, "మేడం, నాది గూడ" అని ఇంకొకరు. పెన్‌పహాడ్ పిల్ల మాత్రం ఏమీ అనేది కాదు. కదలని తెర వైపు చూస్తూ చున్నీ అంచు కొరికేది. పాస్ బంద్ అన్న మాట ఆ పిల్ల ముఖం మీదే రాసి ఉన్నట్టుండేది. నాకు ఆ ముఖం చూసినప్పుడల్లా మామ మీద, అండీ సారు మీద, తిరిగే ఆ ఫ్యాను మీద ఒళ్లు మండేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. హైదరాబాదు సారు కుర్చీలో కూర్చుని చాయ్ తాగి, ప్రశ్నలు పంచి, గడియారం చూసుకున్నాడు. కాసేపు టకటకలు వినిపించాయి. తరువాత నేను భయపడినంతా జరిగింది. అందరూ దాదాపు ఒక్క క్షణాన నొక్కారు, అన్ని తెరలూ బిగుసుకున్నాయి. సారు లేచి ఇటూ అటూ నడిచి, "ఏందమ్మా ఈ సిస్టమ్? గిట్లయితే అందర్నీ ఫెయిల్ రాసి పోవాల్సి వస్తది" అన్నాడు. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడే మామ లోపలికి వచ్చి, పరిస్థితి చూసి, మెషీన్ దగ్గరికి పోయి, దాని వీపు తట్టి, బురదలో దిగబడిన బండిని అదిలించినట్టు నాలుకతో 'టక్ టక్' అన్నాడు.

అంతే. నేను చదువుకున్నది, నేర్చుకున్నది అంతా ఎటు పోయిందో, చున్నీ నడుముకు చుట్టి, గది మధ్యలో నిలబడి, కాలువ గట్టు మీద అమ్మ అరిచినట్టు అరిచాను. "చేతులు తియ్యుర్రి అందరు. తూము ఒక్కటే. ఎవ్వల వంతుకు వాళ్లే."

హైదరాబాదు సారు తూము ఎక్కడుందా అని కిటికీలోంచి బయటికి చూశాడు. పిల్లలకు మాత్రం విడమరిచి చెప్పే పని లేకపోయింది. కాలువ కింది ఊళ్ల పిల్లలు, వంతు అంటే ఏమిటో నాకంటే వాళ్లకే తెలుసు. అందరి చేతులూ ఒళ్లోకి పోయాయి. మెషీన్ మెల్లగా ఊపిరి తీసుకుంది. గోడ పక్క నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరే పిలిచాను. పిలిచినవాళ్లు మాత్రమే నడిపించాలి, మిగతావాళ్లు రాసుకుంటూ ఉండాలి. వంతు కానిదే ఎవరైనా వేలు కదిపితే, "తూము ముట్టకు" అని ఇంకో అరుపు. ఒక్కరికే పని చేయాల్సి వచ్చేసరికి ఆ ఒంటెద్దు చక్కగా లాగింది. పెన్‌పహాడ్ పిల్లది చిట్టచివరి కుర్చీ, అచ్చం మా మడుల లాగా. తన వంతు వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. వచ్చాక ఒక్కసారి నొక్కింది, జవాబు తెర మీద వరసగా దిగింది. ఆ పిల్ల నా వైపు తిరిగి నవ్వింది. నేను నవ్వలేదు, ఇంకా కోపంలోనే ఉన్నాను.

అందరూ పాసయ్యారు. సారు సంతకాలు పెట్టి లేస్తుంటే మామ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "జోడెద్దుల మెషీన్ సారు. ఎట్ల గుంజిందో సూశిండ్రా?" అన్నాడు. గుంజింది ఒక్క ఎద్దేనని, రెండోది పడుకునే ఉందని, అసలు గుంజింది నా గొంతని చెబుదామని నోరు తెరిచాను. మాట రాలేదు. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. మామ నా ఎదురుగానే ఊరందరికీ ఆ గొప్ప చెప్పుకుంటుంటే చేతులు ఊపుకుంటూ నిలబడ్డాను. గొంతు తిరిగొచ్చేసరికి ఆ మాట పేటంతా పాకింది, సెంటర్ పేరే జోడెద్దుల సెంటర్ అయిపోయింది, చేరేవాళ్లు ఎగబడ్డారు. మామ పలుపు కొననే లేదు. "లేకుంటేనే గింత మంచిగ గుంజుతున్నది గదా" అన్నాడు.

కొన్నేళ్లకు సెంటర్ మూతపడింది. పాత సామాన్ల వ్యాపారి వచ్చి మెషీన్ భుజాన ఎత్తుకుంటుంటే మామ అతన్ని ఆపి, కరెంటు వైరు ఊడబీకి, చుట్ట చుట్టి తన దగ్గర పెట్టుకున్నాడు. "మెషీన్ తీస్కపో. పలుపు ఇయ్యం" అన్నాడు. ఇంట్లో ఎద్దుల పాత మువ్వల పట్టెడ పక్కన మేకుకు దాన్ని తగిలించాడు. అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. వైరు లేని మెషీన్ ఎవరికి పనికొస్తుందని గొడవ పడ్డాను.

ఇప్పుడు నేను మిర్యాలగూడలో ఉంటున్నాను. మాట్లాడుకునే ఫోన్లోనే ఎనిమిది ఎద్దులుంటాయట, అవి కూడా నా దగ్గరికి వచ్చేసరికి పడుకుంటాయి. మొన్న పెన్‌పహాడ్ పిల్ల వచ్చింది. (పిల్ల అంటున్నాను గానీ, కోదాడలో సొంతంగా ఆన్‌లైన్ సెంటర్ నడుపుతోంది, ఆమె దగ్గరే ఇప్పుడు పిల్లలు పని నేర్చుకుంటున్నారు.) "మేడం, మీ ఇంట్ల పాత కంప్యూటర్ ఊకెనే ఉన్నది గద, మా పిల్లలకు టైపింగ్ నేర్పనీకి ఇస్తరా?" అంది. తీసుకుపో, అన్నాను. ఆమె డబ్బా ఎత్తి ఆటోలో పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది. నా చేతుల వైపే చూస్తోంది. ఏమిటా అని నేనూ చూసుకున్నాను. గోడలోంచి ఎప్పుడు పీకానో, ఎప్పుడు చుట్ట చుట్టానో తెలియదు, కరెంటు వైరు నా చేతిలో ఉంది. సిగ్గుతో ముందుకు చాపాను.

ఆమె తీసుకోలేదు. బ్యాగులోంచి కొత్త వైరు తీసి చూపించింది, దాని కవరు కూడా ఇంకా చింపలేదు. "ఉండనీయుర్రి మేడం. పెద్దసారు సెంటర్ల సదివినదాన్ని. పలుపు లేకుంట వస్తనా?" అంది.

ఆటో మలుపు తిరిగేదాకా ఆ వైరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఇన్నేళ్లు ఆ మనిషితో పోట్లాడి, చివరికి ఆయన పలుపు నా చేతికే చుట్టుకుంది. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని గట్టిగానే ప్రయత్నించాను, రాలేదు. మా ఇంటాయన బయటికి వచ్చి, "గా వైరెందుకు పట్టుకున్నవ్?" అన్నాడు. "నీకు తెల్వది, ఊకో" అన్నాను. కోపంగానే అన్నాననుకున్నాను. ఆయన నా ముఖం చూసి నవ్వి, వైరు తగిలించడానికి మేకు వెతకబోయాడు.